అత్తయ్యగారి ఒంటిపూటా, ఏటి ఒడ్డున బ్రంచూ

బాబాయ్‌ని అడగండి

ప్రశ్న: బాబాయ్‌గారూ, నమస్కారం. మేము కూకట్‌పల్లిలో ఉంటాం. మా అత్తవారిది పాలకొల్లు దగ్గర పల్లె. ఇల్లు అమ్మేశారు కాబట్టి ఊరికి వెళ్ళినా దిగడానికి చోటు లేదు. 2026 జనవరి 26 సోమవారం వచ్చింది కదా, మూడు రోజులు కలిసొస్తాయని కోనసీమ దిండిలో గోదారి ఒడ్డు రిసార్టులో శని, ఆదివారాల రాత్రులకి గదులు తీసుకున్నాం. శుక్రవారం రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరి, సోమవారం రాత్రి అదే బండికి తిరుగు ప్రయాణం. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, బెంగళూరు నుంచి మా ఆడపడుచు, అన్నయ్యగారు, వాళ్ళ అమ్మాయి. మొత్తం తొమ్మిదిమందిమి. నీళ్ళ పక్కన కూర్చుని అందరం తాపీగా, టిఫినూ భోజనమూ కలిపి ఒక్క బ్రంచ్ చేయాలని నా కోరిక. అత్తయ్యగారు శనివారం ఒంటిపూట, ఉల్లి వెల్లుల్లి ఎప్పుడూ తినరు. మామయ్యగారికి షుగరు. అన్నయ్యగారికి రొయ్యలు లేకపోతే అది భోజనమే కాదు. మావారేమో ‘ప్లానింగ్ ఏమీ వద్దు, వెళ్ళాక చూసుకుందాం’ అంటున్నారు. ఏ రోజు, ఏ టైముకి పెట్టుకోమంటారు?
– ఒక కోడలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, ముందు మీవారి మాట పక్కన పెట్టండి. ఇద్దరే వెళ్తే వెళ్ళాక చూసుకోవచ్చు. తొమ్మిదిమందిలో ఒకరిది ఒంటిపూట, ఒకరిది షుగరు, ఒకరివి రొయ్యలు అయినప్పుడు వెళ్ళాక చూసుకునేది ఒకరి మొహాలు ఒకరే.

ఎవరు అడిగినా నేను మధ్య రోజు పెట్టుకోమంటాను. మొదటి రోజు ప్రయాణం బడలిక, చివరి రోజు సూట్‌కేసుల గోల. కానీ మీరు క్యాలెండర్లో సెలవలు చూశారు గానీ దాని కింద చిన్నక్షరాలు చూసినట్టు లేదు. మీ ఆదివారం, 25వ తేదీ, రథసప్తమి. అత్తయ్యగారు మీతో ఇంకా చెప్పలేదంటే, కోడలు తనంతట తాను గమనిస్తుందేమోనని చూస్తూ ఉండి ఉంటారు. ఆ పూట చాలా ఇళ్ళల్లో నీచు ముట్టరు. అన్నయ్యగారి రొయ్యలు అత్తయ్యగారి పరవాన్నం పక్కన పెట్టించి, ఇద్దరి మధ్యా మీరు కూర్చోవడం నాకు ఇష్టం లేదు. శనివారం ఒంటిపూట కాబట్టి అదీ పోయింది. మిగిలింది సోమవారం. బండి రాత్రికే కనుక పగలంతా మీదే. గది పన్నెండింటికి ఖాళీ చేయమంటారు. ఒక్క గదైనా సాయంత్రం దాకా ఉంచమని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పెద్దవాళ్ళు నడుం వాల్చడానికి, సామాను పడేయడానికి ఒకటి చాలు.

టైము పదిన్నర. జనవరిలో మాకు పొద్దున్న ఎనిమిది దాటినా మంచు విడవదు. దిండి నుంచి చూస్తే చించినాడ వంతెన స్తంభాలు కూడా సగం సగమే కనబడతాయి. పది దాటితే ఏరు తేటపడుతుంది. పైగా దిండి గోదారికి తూర్పు గట్టున ఉంది కనుక పొద్దుటి ఎండ మీ వీపు వెనక కొబ్బరిచెట్ల మీద నుంచి వస్తుంది. ఒంటిగంట దాటిందా, అదే ఎండ ఏటి మీద నుంచి మొహాన కొడుతుంది. ఆ టైముకే భీమవరం, పాలకొల్లు నుంచి సెలవు రోజు జనం కార్లేసుకుని దిగుతారు. మీరు అప్పటికి తాంబూలం దాకా వచ్చెయ్యాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మా వైపు బ్రంచ్ అనేది మెనూ కార్డు మీద ఉన్నా వంటింట్లో ఉండదు. టిఫిన్లు పదింటికి అయిపోతాయి, భోజనాలు పన్నెండున్నరకి మొదలవుతాయి. మీరడిగే ఆ రెండున్నర గంటల్లో వంటవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతూ, మసాలా నూరుతూ, మధ్యలో ఒక టీ తాగుతూ ఉంటారు. ఆ టైములో వెళ్ళి ‘ఏముంది బాబూ’ అంటే చల్లారిన ఇడ్లీ, బ్రెడ్డు, ఆమ్లెట్టు. రిసెప్షన్‌లో అమ్మాయి ‘తప్పకుండా మేడమ్’ అంటుంది. ఆ మాట వంటింటి దాకా వెళ్ళదు. కాబట్టి శనివారం సాయంత్రమే మీరో, మీ ఆడపడుచో నేరుగా వంట మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, ‘ఎల్లుండి పదిన్నరకి తొమ్మిదిమందిమండీ, ఇవీ ఇవీ కావాలి’ అని ఒప్పించుకోండి. ఆదివారం రాత్రి ఇంకోసారి గుర్తుచేయండి. కాగితం మీద రాసిచ్చినా చిన్నబుచ్చుకోరు, సంతోషిస్తారు. మా గోదారోళ్ళకి వండించుకునేవాడు ముందుగా వచ్చి ‘మీరే దగ్గరుండి చేయాలండీ’ అంటే అదో పెళ్ళి పిలుపంత. ఆయ్, చేతి రుచి కూడా మారిపోతుంది.

ఆ కాగితం మీద నేనైతే ఇలా రాస్తాను. అందరికీ కలిపి ఒక పెద్ద దిబ్బరొట్టె, పక్కన చెరకు పానకం. బెంగళూరు అమ్మాయి కేక్ లాంటిదేదో అనుకుని మొదలుపెట్టి సగం తనే లాగించేస్తుంది. దిబ్బరొట్టెకి నిదానం కావాలి. మందపాటి మూకుట్లో నూనె పోసి, మినప్పిండీ బియ్యపు రవ్వా కలిపిన ముద్ద వేసి, మూత పెట్టి, సన్నసెగ మీద అడుగు ఎర్రగా పెంకులా అయ్యేదాకా ముట్టుకోకూడదు. అందుకే ముందు చెప్పమన్నాను. హడావిడిగా చేస్తే పైన మాడి లోపల పిండి జారుతుంది. అత్తయ్యగారికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి. రెండింటిలోనూ ఉల్లితో పని లేదు, మూకుడు మాత్రం వేరుగా పెట్టమనండి. అన్నయ్యగారికి రొయ్యల వేపుడు, పండుగప్ప పులుసు. పండుగప్పకి ముళ్ళు తక్కువ కనుక పిల్లలకి కూడా భయం లేకుండా పెట్టొచ్చు. తేగల కాలం కూడానూ. ఒక కట్ట కాల్చి తెప్పించి బల్ల మీద పడేయండి, కబుర్లకి పనికొస్తాయి. బఫే జోలికి వెళ్ళకండి. తొమ్మిదిమందిలో నలుగురు తినేది ఇంత, కట్టేది అంత.

అన్నయ్యగారు ఏటి ఒడ్డున చల్లగా ఒక బీరు అని ఊహించుకుంటుంటే ఇప్పుడే చెప్పేయండి. రిపబ్లిక్ డే నాడు మందు అమ్మరు. కొబ్బరిబొండంతో సరిపెట్టుకోవాలి.

మామయ్యగారి సంగతి మాత్రం వేళాకోళం కాదు. పొద్దున మాత్ర వేసుకుని పదిన్నర దాకా ఖాళీ కడుపుతో ఉంచొద్దు. ఆయన రోజూ ఏ టైముకి ఏం తింటారో ఆ టైముకే రెండు ఇడ్లీలు తిననివ్వండి. బ్రంచ్ దగ్గర మీతో కూర్చుని కొంచెం కూర, పులుసు తింటే చాలు. మాత్రల టైము మార్చాలనిపిస్తే డాక్టర్నే అడగండి, అల్లుణ్ణి కాదు. మీరంతా పొద్దున్నుంచీ ఆకలి కాచుకుని వస్తారు కనుక ఆయన్ని కూడా ఆగమనడం మర్యాద అనుకుంటారు. ఈ మర్యాదే కొంప ముంచుతుంది. సోమవారం భీష్మాష్టమి. ఆయనకి తర్పణం వదిలే అలవాటుంటే పొద్దున్నే రేవులో ఆ పని కూడా అయిపోతుంది, పిల్లలు ఈలోగా జెండా వందనం చూసి వస్తారు. అష్టమి నాడు ప్రయాణమేమిటని అత్తయ్యగారు అంటే, ‘ఇంటికి తిరిగి వెళ్ళడానికి తిథి ఏమిటే’ అని మామయ్యగారి చేతే అనిపించండి. మీరు అనకండి.

బల్ల విషయం. ‘రివర్ వ్యూ’ అని రాసినంత మాత్రాన నీళ్ళు కనపడవు. ఒక్కోచోట కనపడేది అద్దం, దాని వెనక జనరేటరు, ఆ వెనక గోదారి. శనివారం దిగగానే ఒక చుట్టు తిరిగి చూడండి. పెద్దవాళ్ళు దిగాల్సిన మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, బాత్రూము ఎంత దూరం. ఏటి మీదికి కట్టిన చెక్క అరుగు అయితే దాని స్తంభాల మీద పాచి గీత ఎంత ఎత్తున ఉందో చూడండి. పోటుకి నీరు అక్కడి దాకా వస్తుందన్నమాట. పాటుకి ఎంత దిగుతుందో కింద ఒండ్రు చెబుతుంది. అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే వశిష్ఠ పాయ ఇది. జనవరిలో దాళ్వాకి, అంటే రెండో పంటకి, ధవళేశ్వరం నుంచి నీరు కాలవలకి మళ్ళుతుంది కనుక ఈ పాయల్లో పైనీరు తక్కువ, సముద్రం పెత్తనం ఎక్కువ. అమావాస్యకో పున్నానికో వెళ్ళినవాళ్ళు పొద్దున నిండుగా ఉన్న ఏటికి ఫోటో తీసి, మధ్యాహ్నం బురద చూసి రిసార్టువాళ్ళని తిడుతుంటారు. మీ సోమవారం అష్టమి. ఆ రోజుల్లో పోటు, పాటు రెండూ మెత్తగా ఉంటాయి, నీరు మరీ పైకి రాదు, మరీ కిందికి పోదు. పోటు ఏ వేళకో పడవవాళ్ళని అడగండి. రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి శనివారం చెప్పిన టైముకి సోమవారం గంటన్నర పైన కలుపుకోవాలి.

మిగతా రెండు రోజులూ పల్చగా ఉంచండి. శనివారం నరసాపురం దాకా వెళ్ళకుండా పాలకొల్లులోనే దిగి చించినాడ వంతెన మీదుగా రండి, దగ్గర. అత్తయ్యగారి ఒంటిపూట భోజనం మధ్యాహ్నం సుబ్బరంగా అయ్యాక సాయంత్రం అంతర్వేది. అక్కడ స్వామివారి కల్యాణోత్సవాలు రథసప్తమి నుంచే మొదలవుతాయి, 29న భీష్మ ఏకాదశికి రథం. అంటే ఆదివారం నుంచి రద్దీ పెరుగుతుంది, శనివారం వెళ్ళిపోవడమే తెలివి. పిల్లలకి సఖినేటిపల్లి రేవులో పంటు చూపించండి. కారు, స్కూటరు, కూరగాయల తట్ట, మనిషి, అన్నీ ఒకదాని మీదే నరసాపురం వైపు దాటడం వాళ్ళు ఇంతకుముందు చూసి ఉండరు.

ఆదివారం అత్తయ్యగారిది. రిసార్టు పెరట్లో నాలుగు పిడకలు వెలిగించుకోవడానికి ముందే అనుమతి తీసుకోండి. గడ్డి లాను మీద కాకుండా ఇసకలో అంటే కాదనరు. పిడకలు హైదరాబాదు నుంచి మోసుకు రానక్కర్లేదు, దిండి ఊళ్ళో అడిగితే దొరుకుతాయి. జిల్లేడాకులు గట్టు మీదే ఉంటాయి. చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి రథం చేయడం పిల్లలకి అప్పజెప్పండి, చక్రాలు ఊడిపోతాయి, పర్వాలేదు. పరవాన్నం చిక్కుడాకులో పెట్టుకుని తింటే ఆ పూటకి ఏ రెస్టారెంటూ గుర్తు రాదు. మధ్యాహ్నం హౌస్‌బోటో లాంచీయో ఎక్కండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు చూపించాకే డబ్బులివ్వండి. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మా వైపు ఎవరూ మరిచిపోలేదు, మీరు గట్టిగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక బిల్లు. మీవారూ వాళ్ళ బావగారూ కౌంటరు దగ్గర ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాక్కుంటారు, అది చూసి పిల్లలు నవ్వుతారు, మామయ్యగారికి బీపీ కూడా వస్తుంది. ఆదివారం రాత్రే మీ ఫోన్లోంచి అడ్వాన్సు కొట్టేసి రసీదు పెట్టుకోండి. పేచీ వస్తే రైలు ఖర్చు వాళ్ళని పెట్టుకోమనండి, ఆ టిక్కెట్లు మీరు ఎప్పుడో తీసేశారు కనుక అదీ జరగదు.

ప్రశ్న: బాబాయ్, నేనూ అదే సెలవలకి ఫ్రెండ్స్‌తో కోనసీమ వస్తున్నా. ఒక రెస్టారెంటువాళ్ళు జనవరిలో కూడా గోదారి పులస ఉందంటున్నారు, రేటు వింటే కళ్ళు తిరిగాయి. తినొచ్చా?
– ఒక బ్యాచిలర్, విశాఖపట్నం

జవాబు: తినొచ్చు నాయనా, పులస అనుకోకుండా తింటే. సముద్రంలో ఉన్న ఇలస వరద నీటికి ఎదురీది గోదారిలోకి వచ్చాకే పులస అవుతుంది. అది జూలై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీరు పారే రోజుల్లో. జనవరిలో ఏరు తేటగా ఉంటుంది, ఆ చేప రాదు. నీ కంచంలోకి వచ్చేది ఐసులో దాచిందో, వేరే రాష్ట్రం నుంచి దిగిందో. ఇలస రేటుకి ఇస్తే తిను. ఆ డబ్బుకి నలుగురూ పండుగప్ప, పీతలు తిని, తిరుగుదారిలో ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కట్టించుకోవచ్చు. బెల్లంవి తీసుకో.