వాయిడ్ ఫ్రాక్షన్ సరిపోతున్నా ఇంటర్‌ఫేషియల్ ఏరియా ఎందుకు తప్పుతుంది?

నిలువు పైపులో గాలి-నీటి ప్రవాహానికి మీరు చేసిన సిమ్యులేషన్‌లో వాయిడ్ ఫ్రాక్షన్ (మొత్తం ఘనపరిమాణంలో గాలి వాటా) కొలతలతో కలుస్తోంది, ఆక్సిజన్ నీటిలో కరిగే వేగం మాత్రం కలవడం లేదు, తప్పు ఎక్కడని అడిగారు. నేనైతే ముందు బుడగ వ్యాసాన్ని అనుమానిస్తాను.

గుండ్రటి బుడగలకు, ఒక ఘనపు మీటరులో గాలికి, నీటికి మధ్య ఉండే ఉపరితల వైశాల్యం (ఇంటర్‌ఫేషియల్ ఏరియా) కావాలంటే వాయిడ్ ఫ్రాక్షన్‌ను 6తో గుణించి సౌటర్ సగటు వ్యాసంతో (బుడగల మొత్తం ఘనపరిమాణానికి, ఉపరితలానికి ఉన్న నిష్పత్తి నుంచి లెక్కించే సగటు) భాగించాలి. వాయిడ్ ఫ్రాక్షన్ 0.1 అనుకుందాం. బుడగలు 3 మిల్లీమీటర్లవైతే 200 చదరపు మీటర్లు, 5 మిల్లీమీటర్లవైతే 120 మాత్రమే. గాలి అంతే ఉంది, వైశాల్యం 40 శాతం పడిపోయింది. మోడల్‌లో ఒకే వ్యాసం ఇచ్చి వదిలేస్తే ఈ తేడా ఎక్కడా కనిపించదు. పైగా ఆక్సిజన్ కొలత మీకు ఇచ్చేది బదిలీ గుణకం (ఉపరితలం గుండా ఆక్సిజన్ ఎంత వేగంగా దాటుతుందో చెప్పే సంఖ్య), వైశాల్యం రెండింటి లబ్ధాన్నే. ఒకదాని తప్పును ఇంకోటి కప్పేస్తుంది. అందుకే వైశాల్యాన్ని విడిగా కొలవమని గట్టిగా చెబుతాను.

నేను రెండు సూదుల కండక్టివిటీ ప్రోబ్ వాడాను. సూది మొన తప్ప మిగతాదంతా ఇన్సులేషన్. మొన నీటిలో ఉంటే కరెంటు పారుతుంది, బుడగ తగిలితే ఆగుతుంది. ముందు సూదికి, వెనక సూదికి మధ్య పట్టిన సమయం నుంచి వేగం వస్తుంది. నా మొదటి ఫలితాలు చూడ్డానికి ఎంతో బాగున్నాయి. తీరా పైపు అడ్డుకోత మొత్తానికి వాయిడ్ ఫ్రాక్షన్, వేగాల లబ్ధాన్ని కూడి చూస్తే, రోటామీటర్ (పైపులోకి పంపే గాలి ప్రవాహాన్ని కొలిచే మీటరు) చూపిన గాలి కంటే దాదాపు 30 శాతం తక్కువ వచ్చింది. చాలా రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి దొరికిన కారణం ఇదీ: ముందు సూదికి తగిలి వెనక సూదిని తప్పించుకున్న బుడగను, నా ప్రోగ్రామ్ ఆ తర్వాత వచ్చిన బుడగతో జత కడుతోంది. సమయం పెరిగి వేగం తగ్గుతుంది. వైశాల్యం లెక్కలో వేగం హారంలో ఉంటుంది కాబట్టి, అక్కడ వైశాల్యం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండు పల్స్‌ల వెడల్పు దగ్గరగా ఉన్నప్పుడే జత కట్టేలా, ఆలస్యానికి ఒక హద్దు ఉండేలా మార్చాక తేడా బాగా తగ్గింది. తప్పించుకున్న బుడగలకు దిద్దుబాటు వేరేగా కలపాలి. రోటామీటర్ రీడింగును ప్రోబ్ ఉన్న ఎత్తులోని పీడనానికి మార్చడం మర్చిపోకండి, గాలి పైకి వెళ్ళేకొద్దీ వ్యాకోచిస్తుంది.

బుడగలు వంకరటింకరగా ఉంటే రెండు సూదులు చాలవు. నాలుగు సూదుల ప్రోబ్ ఉపరితలం ఎటు తిరిగి ఉందో కూడా చెబుతుంది, గుండ్రటి ఆకారమని ఊహించుకోనక్కర్లేదు. అయినా సూదిని రాసుకుంటూ పోయే బుడగలతో జాగ్రత్త. వాటి ఉపరితలానికి లంబ దిశలో వేగం సున్నాకు దగ్గరగా ఉంటుంది, అలాంటివి నాలుగైదు ఉన్నా సగటు మొత్తం పాడవుతుంది. వాటిని విడిగా తీసి చూడండి.

మోడల్ విషయానికొస్తే, 1995లో రెండు దశల ప్రవాహాల పరిశోధకుడు మామోరు ఇషీ ఒక సహ రచయితతో కలిసి పునాది వేసిన ఇంటర్‌ఫేషియల్ ఏరియా ట్రాన్స్‌పోర్ట్ సమీకరణం వాడండి. బుడగలు ఢీకొని కలవడం, ముందు బుడగ వెనక ఏర్పడే వేక్‌లోకి మరొకటి లాగబడి కలవడం, టర్బులెన్స్ సుడుల దెబ్బకు పగలడం, ఈ మూడింటినీ అందులో విడివిడి పదాలుగా రాస్తారు. క్యాప్ (టోపీ ఆకారపు), స్లగ్ (పైపును దాదాపు నింపేసే పొడవాటి) బుడగలు మొదలైతే చిన్నవాటికి ఒకటి, పెద్దవాటికి ఒకటి, రెండు సమీకరణాలు కావాలి. వాటిలోని స్థిరాంకాలు ప్రయోగాలతో సర్దినవి, మీ పైపు వ్యాసం వేరైతే యథాతథంగా నమ్మకండి. కనీసం మూడు ఎత్తుల్లో కొలవండి. అడుగున ఉన్న కొలతను ప్రవేశ విలువగా ఇచ్చి, పై రెండు చోట్ల మోడల్ ఏం చెబుతుందో పోల్చండి.