క్రోమోజోముల టెస్టు నార్మల్ అన్నారు... మరి ముక్క లేదంటారేంటి?

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. ఏడో నెలలో గుండె ఆపరేషన్ అయింది (టెట్రాలజీ ఆఫ్ ఫాలట్ అన్నారు). ఇప్పుడు గుండె బాగానే ఉంది. మాటలు మాత్రం సరిగ్గా రాలేదు. వచ్చిన నాలుగూ ముక్కుతో వస్తాయి. చంటివాడిగా ఉన్నప్పుడు తాగిన పాలు ముక్కులోంచి కారేవి. అప్పట్లో కేరియోటైప్ టెస్టు చేయిస్తే నార్మల్ అని వచ్చింది. నెల కిందట మైక్రోఅరే టెస్టులో మాత్రం 22వ క్రోమోజోములో 25 లక్షల బేస్‌ల (జన్యు అక్షరాల) ముక్క లేదని రాశారు. తరచూ జలుబు చేస్తోందని ముక్కు వెనక ఉండే కండ, ఎడినాయిడ్స్ తీయించమన్నారు, వచ్చే వారం డేట్ ఇచ్చారు. మాది మేనరికం, మా వారు నా మేనత్త కొడుకే. అందువల్లే ఇలా అయిందని ఊళ్లో అంటున్నారు. అత్తగారేమో నేను గ్రహణం రోజు బయట తిరిగానంటారు. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తేనే టెన్షన్‌గా ఉంది.
- పేరు రాయవద్దన్న ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, మిగతా సంగతుల కంటే ముందు ఆ ఎడినాయిడ్స్ ఆపరేషన్ వాయిదా వేయించండి. ఈ రోజే ఫోన్ చేసి, మైక్రోఅరే రిపోర్టు సంగతి ఆ డాక్టరుగారికి చెప్పండి. రిపోర్టు చూడకుండా డేట్ ఇచ్చి ఉంటారు.

కారణం ఇదీ. మనం మాట్లాడేటప్పుడు అంగిలి వెనక మెత్తటి భాగం పైకి లేచి, ముక్కులోకి గాలి పోకుండా దారి మూస్తుంది. మీ బాబు రిపోర్టులో ఉన్న 22క్యూ11.2 డిలీషన్ (22వ క్రోమోజోములో ఆ ముక్క లేకపోవడం) ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ మూత సరిగ్గా పడదు. అంగిలి బయటికి మామూలుగా కనిపించినా సరే. ఉన్న కాస్త సందునీ ఎడినాయిడ్స్ కండే అడ్డంగా నిలబడి పూడుస్తూ ఉంటుంది. దాన్ని తీసేస్తే మాట ఇంకా ముక్కులోకి పోతుంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. బాబు ముక్కు కింద చిన్న అద్దం పెట్టి 'పప్పు', 'బాబు' అనిపించండి. ఆ మాటలకి గాలి నోట్లోంచే రావాలి. అద్దం మీద ఆవిరి పట్టిందంటే ముక్కులోంచి కారిపోతున్నట్టు. 'మామ' అనిపించి చూస్తే లాభం లేదు, 'మ' ఎవరికైనా ముక్కులోంచే వస్తుంది. 'బాబు' అనబోతే 'మాము' అని వినిపించే పిల్లలు వీళ్లు. మొర్రి ఆపరేషన్లు చేసే టీమ్ దగ్గర అంగిలి పనితీరు చూపించండి, సన్నటి కెమెరా గొట్టంతో చూస్తారు. అవసరమైతే దానికి వేరే ఆపరేషన్ ఉంది. ఈలోగా స్పీచ్ థెరపీ ఆపకండి. బెలూన్లు ఊదిస్తే, ఈల వేయిస్తే అంగిలి గట్టిపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, దానివల్ల ఈ మాట బాగుపడదు.

ఇక రెండు టెస్టుల గొడవ. రెండూ నిజమే. కేరియోటైప్‌లో క్రోమోజోములను మైక్రోస్కోప్ కింద పెట్టి కంటితో చూస్తారు. కనీసం 50 లక్షల నుంచి కోటి బేస్‌ల తేడా ఉంటేగానీ అది కంటికి ఆనదు. డౌన్ సిండ్రోమ్‌లో అయితే ఒక క్రోమోజోమే ఎక్కువ, అందుకే దొరికిపోతుంది. మీ బాబుకి పోయింది 25 లక్షలే, అంత చిన్నది కాబట్టి మైక్రోఅరేలోనే బయటపడింది. మన జన్యు సమాచారం మొత్తం 300 కోట్ల పైచిలుకు, అంటే వెయ్యి పేజీల పుస్తకంలో ఒక పేజీ కూడా కాదు. కానీ ఆ పేజీలో నలభై దాకా జన్యువులున్నాయి. అందులో టీబీఎక్స్1 అనేది ముఖ్యం. గర్భంలో తొలి వారాల్లో పిండం మెడ దగ్గర ఉండే కొన్ని మడతల నుంచే గుండెలోంచి బయటికి వెళ్లే పెద్ద రక్తనాళాలు, అంగిలి, రోగనిరోధక కణాలు తయారయ్యే థైమస్, క్యాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు తయారవుతాయి. ఆ పనిలో టీబీఎక్స్1 ఉండాలి. గుండెకి ఒక డాక్టరు, మాటకి ఇంకో డాక్టరు అని మీరు తిరిగినవన్నీ ఒకే వీధిలో ఇళ్లన్నమాట.

ఈ ముక్క ఎందుకు పోతుంది? నోట్సు ఎత్తిరాసేటప్పుడు ఒకే వాక్యం పేజీలో రెండుచోట్ల ఉందనుకోండి. మొదటిది రాసి తలెత్తి, మళ్లీ చూసేసరికి కన్ను రెండోదాని మీద పడుతుంది, మధ్యలోది ఎగిరిపోతుంది. 22వ క్రోమోజోములో ఆ చోట అలాంటి ఒకే పోలిక భాగాలు అటూ ఇటూ ఉన్నాయి. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జత తప్పి, ఒకదాంట్లో ముక్క పోతుంది, ఇంకోదాంట్లో అదే ముక్క రెండుసార్లు పడుతుంది. ఆ రెండోదాన్ని డూప్లికేషన్ అంటారు. 22లో డూప్లికేషన్ ఉన్నవాళ్లకి సాధారణంగా ఇబ్బంది తక్కువ. తమకది ఉన్నట్టు తెలియకుండానే పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నవాళ్లున్నారు. అన్ని క్రోమోజోముల్లోనూ ఇంతే అనుకోకూడదు. 7వ క్రోమోజోములో ఒక ముక్క పోతే విలియమ్స్ సిండ్రోమ్ వస్తుంది, ఆ పిల్లలు కొత్తవాళ్ల దగ్గరికైనా నవ్వుతూ వెళ్లి కబుర్లు పెడతారు. అదే ముక్క ఎక్కువైతే మాటలు ఆలస్యమై, నలుగురిలోకి రావడానికి బెదిరే పిల్లలవుతారు. ఎన్నేళ్లు చూసినా నాకు ఇది వింతగానే ఉంటుంది.

కాబట్టి మేనరికం దీనికి కారణం కాదు. మేనరికంలో భయం వేరే: ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసి బయటపడటం. మీ వాడిది అలాంటిది కాదు, 22వ క్రోమోజోముల జతలో ఒకదాంట్లో ముక్క పోతే చాలు. పదిమందిలో తొమ్మిదిమందికి ఇది తల్లిదండ్రులెవరిలోనూ లేకుండా కొత్తగా వచ్చిందే. గ్రహణానికైతే అసలు సంబంధమే లేదు. పైగా ఆ పొరపాటు జరిగింది మీ కడుపున బిడ్డ పడక ముందే. మన భాషలో పెదవి, అంగిలి చీలికకి 'గ్రహణ మొర్రి' అని పేరే పెట్టేసి, నేరం తల్లి మీద వేసేశారు. ఆ పేరు నాకెప్పుడూ నచ్చలేదు.

ఇప్పుడు చేయించాల్సిన వాటిలో మొదటిది రక్తంలో క్యాల్షియం, దాంతోపాటు పారాథైరాయిడ్ హార్మోను. పారాథైరాయిడ్ బలహీనంగా ఉంటే మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. గట్టి జ్వరం వచ్చినప్పుడో, ఏదైనా ఆపరేషన్ అయినప్పుడో క్యాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తాయి, అందరూ జ్వరం ఫిట్స్ అనుకుంటారు. ఏటా ఒకసారి చూపించండి. మీ అంతట మీరే సిరప్ మొదలుపెట్టవద్దు, ఎక్కువైతే కిడ్నీలో రాళ్లు పడతాయి. కోలా డ్రింకులు అలవాటు చేయకండి, వాటితో క్యాల్షియం ఇంకా తగ్గుతుంది. థైరాయిడ్, వినికిడి, కిడ్నీల స్కానింగ్, రోగనిరోధక కణాల లెక్క కూడా ఒకసారి కావాలి. ఇకపై ఇచ్చే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ (బలహీనపరిచిన క్రిములతో చేసే) టీకాలు ఆ కణాల రిపోర్టు చూశాకే.

చదువు సంగతి: లెక్కలు కష్టమవుతాయి, చదివి గుర్తుపెట్టుకోవడం కొంత నయం. బడిలో వేసేముందు జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీ కేంద్రంలో చూపించండి, ఫీజు ఉండదు. ఇంకొకటి ఎలాగూ నెట్‌లో చదివి బెంబేలెత్తుతారు గనక నేనే చెబుతున్నా. ఈ డిలీషన్ ఉన్నవాళ్లలో పెద్దయ్యాక సుమారు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు వస్తుంది, ముగ్గురికి రాదు. మూడేళ్లవాడి విషయంలో ఇప్పుడు దాని గురించి చేయాల్సిందేమీ లేదు. పదో తరగతి వయసులో నిద్ర తప్పడం, ఎవరితోనూ కలవకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి, అంతే.

రెండో బిడ్డ విషయానికొస్తే, మీలో ఎవరికైనా ఈ ముక్క లేదేమో చూసే ఫిష్ లేదా ఎంఎల్‌పీఏ టెస్టుకి మీ ఇద్దరి రక్తం ఇవ్వాలి. ఇద్దరిలోనూ ఈ డిలీషన్ లేకపోతే మళ్లీ వచ్చే అవకాశం ఒక శాతం లోపే అనుకోవచ్చు. ఒకరిలో ఉంటే మాత్రం ప్రతి కాన్పుకీ సగానికి సగం. 'మా ఇద్దరికీ ఏమీ లేదు కదా' అని వదిలేయకండి. కాస్త ముక్కుతో మాట్లాడటం, చిన్నప్పుడు చదువు అబ్బకపోవడం తప్ప ఏమీ లేని తండ్రిలోనో తల్లిలోనో బిడ్డ రిపోర్టు వచ్చాకే ఇది దొరికిన కుటుంబాలున్నాయి. గర్భం వచ్చాక 11 వారాలు దాటితే మావి నుంచి, 16 వారాలు దాటితే ఉమ్మనీటి నుంచి శాంపిల్ తీసి చూడొచ్చు. ఇరవయ్యో వారం అటూ ఇటూగా బిడ్డ గుండె స్కాన్ ఎలాగూ చేయించండి.

హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. గుండె ఆపరేషన్ కాగితాలు, పాత కేరియోటైప్, మైక్రోఅరే రిపోర్టు మూడూ పట్టుకెళ్లండి. వీలైతే మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. గ్రహణం సంగతి ఆవిడే డాక్టరుగారిని అడుగుతారు.