పింక్ ఫ్లాయిడ్ వినడం మొదలుపెట్టిన మేనకోడలికి

బుజ్జమ్మకు,

మామయ్య ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినదానికి నేను హడావిడిలో రెండు మాటలు చెప్పి పెట్టేశాను. తర్వాత మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నా. చిత్తూరు హాస్టల్లో నీ గదిలో పిల్లలంతా పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ అంటే ప్రాణం పెడతారన్నావు. వాళ్లు పెట్టిన పాట నీకు ఎంతసేపటికీ మొదలే కాలేదన్నావు. "నాకే వినడం రాదేమో మామయ్యా" అన్నావు చూడు, ఆ మాట నాకు బాధనిపించింది. వర్ణాల దాకా నేర్చుకున్న పిల్లవు, నీకు వినడం రాకపోవడమేంటమ్మా?

నువ్వు విన్నది 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'. అందులో గొంతు వినపడేది ఎనిమిది నిమిషాలు దాటాకే. తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీకి వెళ్తే కీర్తనకు ముందు రాగాలాపన ఎంతసేపు సాగినా కదలకుండా కూర్చుంటావు కదా, పాట ఎప్పుడొస్తుందని ఎవరినీ అడగవు. ఇక్కడా అలాగే కూర్చో. మొదట కీబోర్డు తంబురాలాగా ఒకే శ్రుతిని పట్టుకుని నిలబడుతుంది. దాని మీద గిటారు తొందర లేకుండా తిరుగుతుంది. నాలుగో నిమిషం దగ్గర అన్నీ ఆగి, గిటారు మీద నాలుగే నాలుగు స్వరాలు మోగుతాయి. ఆ నాలుగింటిని పట్టుకో. బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ వాయించిన ఆ స్వరాలు విన్నాకే, పాటలు రాసే రోజర్ వాటర్స్‌కు తమ పాత స్నేహితుడు సిడ్ బారెట్ మనసులో మెదిలాడు. పాటంతా అక్కడి నుంచే పుట్టింది.

బారెట్ సంగతి నీకు తెలియాలి. 1965లో లండన్‌లో బ్యాండ్ మొదలైనప్పుడు దానికి ఆ పేరు పెట్టింది అతనే, మొదటి పాటలు ఎక్కువగా రాసిందీ అతనే. తర్వాత మనసు చెదిరింది. 1968లో బ్యాండ్ నుంచి దూరమయ్యాడు. ఏడేళ్ల తర్వాత, 1975 జూన్ 5న, మిగతావాళ్లు ఆబీ రోడ్ స్టూడియోలో ఇదే పాట మీద పని చేస్తుంటే ఎవరో లావుపాటి మనిషి లోపలికొచ్చాడు. తలా కనుబొమ్మలూ గొరిగించుకుని ఉన్నాడు. అతనెవరో వాళ్లకు చాలాసేపు తెలియలేదు. తెలిశాక ఏడ్చారు. ఎవరి కోసం పాట కట్టారో ఆ మనిషే ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేకపోయారు. నేను ఆ పాట ఎన్నేళ్లుగా వింటున్నానో, ఇప్పటికీ ఆ నాలుగు స్వరాల దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

కాబట్టి మొదలు ఆ పాట ఉన్న ఆల్బమ్‌తోనే పెట్టు, 'విష్ యూ వర్ హియర్'. మొత్తం 44 నిమిషాలు. ఫోన్‌లో షఫుల్ ఆపేయి. ఏరి కూర్చిన పాటల జాబితాల జోలికి పోకు. మొదటిసారి బస్సులో వద్దు. చంద్రగిరి దాటేలోపు ఎవరో ఒకరు సీటు కోసం పలకరిస్తారు, నీ ధ్యాస పోతుంది. రాత్రి గదిలో దీపం ఆర్పేసి విను. సౌండ్ మరీ పెంచకు, చెవులు జాగ్రత్త.

అది రెండు మూడుసార్లు విన్నాక 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' తీయి. 1973 మార్చిలో వచ్చింది. అమెరికా అమ్మకాల పట్టికలో 1988 దాకా 741 వారాలు ఉంది. అంతకాలం జనం దాన్ని ఎందుకు వదల్లేదో నీకు అంకెలు చెప్పవు, 'మనీ' దగ్గర చెయ్యి తొడ మీద వేసి తాళం లెక్కపెడితే తెలుస్తుంది. తకిట తకధిమి, తకిట తకధిమి. ఏడు! మన మిశ్రచాపు లెక్కే. సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే రోజుల్లో నేను దీన్ని మొదటిసారి లెక్కపెట్టి, నమ్మలేక క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ లెక్కపెట్టాను. శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే నడుస్తుంది. గిటారు సోలో రాగానే లెక్క నాలుగుకు మారిపోతుంది, అయ్యాక మళ్లీ ఏడుకొస్తుంది. ఆ మలుపు నీ రూమ్‌మేట్లలో ఎంతమంది చేత్తో పట్టుకున్నారో అడిగి చూడు. పోటీ కోసం కాదు, వాళ్లకు చూపిస్తే వాళ్లూ సంతోషపడతారు.

ఆ పాట మొదట్లో చిల్లర నాణేలు, కాగితం చింపడం, క్యాష్ రిజిస్టర్, ఈ చప్పుళ్లే తాళం వేస్తాయి. అప్పుడు ఇలాంటి పనికి స్టూడియోల్లో కంప్యూటర్లు లేవు. వాటర్స్ తన భార్య మట్టి కలుపుకునే గిన్నెలో నాణేలు పోసి రికార్డు చేశాడు. ఒక్కో చప్పుడు ఉన్న టేపును స్కేలుతో సమంగా కొలిచి, కత్తిరించి, అతికించి, గుండ్రంగా తిరిగేలా చేశారు. తిరుమలలో పరకామణి సేవకు వెళ్లినప్పుడు నాణేలు రాశులుగా పడే చప్పుడు మధ్యలో నాకు ఈ పాటే గుర్తొచ్చింది. చప్పుడును కూడా శ్రద్ధగా వినడం నాకు అలవాటు చేసింది ఈ బ్యాండే.

'మనీ'కి ముందు వచ్చేది 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. బ్యాండ్‌లో కీబోర్డు వాయించే రిక్ రైట్ పియానో మీద క్లేర్ టోరీ అనే ఆమె మాటల్లేకుండా పాడుతుంది. నువ్వు ఆలాపన చేసే పిల్లవు, ఇది నీకు నేరుగా అందుతుంది. ఆమెకు ఆ రోజు ఇచ్చింది 30 పౌండ్లు. కోర్టుకెక్కితే 2005లో రాజీ కుదిరి, స్వరకర్తల్లో ఆమె పేరు కూడా చేరింది. అభిమానివైతే ఆమె పేరు గుర్తుపెట్టుకో. గిల్మోర్, వాటర్స్ పేర్లు ఎలాగూ అందరూ చెబుతారు.

ఈ ఆల్బమ్ నా మొదటి కాపీ అరవై నిమిషాల క్యాసెట్ మీద ఒక కొట్టులో ఎక్కించింది. ఒక పక్కకు ఎంత పడితే అంత ఎక్కించేశారు. 'అస్ అండ్ దెమ్' సగం దాటాక టక్కున తెగిపోయేది, క్యాసెట్ తిరగేస్తే మిగతాది అక్కడ లేదు. ఆ పాట ఎలా ముగుస్తుందో తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. నీకు అన్నీ చేతిలో ఉన్నాయి. దయచేసి ఏ పాటనూ మధ్యలో దాటించకు.

ఇంకొకటి. వాటర్స్ గొప్పా, గిల్మోర్ గొప్పా అని నీ గదిలో గొడవలు జరుగుతాయి. 1985లో వాటర్స్ వెళ్లిపోయినప్పటి నుంచీ అభిమానులు ఆ గొడవ మోస్తూనే ఉన్నారు. నువ్వు ఏ పక్షమూ చేరకు. 2005 జులైలో లండన్ హైడ్ పార్కులో వాటర్స్, గిల్మోర్, రైట్, డ్రమ్స్ వాయించే నిక్ మేసన్, నలుగురూ ఒకే వేదిక మీద నిలబడ్డారు, ఇరవై నాలుగేళ్ల తర్వాత. అది చూడు. రిక్ రైట్ 2008లో పోయాడు. నలుగురూ కలిసి మళ్లీ వాయించింది లేదు.

నీకు నచ్చని పాట నచ్చలేదనే చెప్పు. బ్యాండ్ టీషర్టు వేసుకోవడం కోసమో, గదిలో మాట పడకూడదనో తల ఊపొద్దు. నాకు వాళ్ల మొదటి ఆల్బమ్ ఒంటబట్టడానికి చాలా ఏళ్లు పట్టింది, అందుకే నిన్ను దాంతో మొదలుపెట్టమనలేదు.

'ఎకోస్' మాత్రం ఒంటరిగా వినకు, దాన్ని నాకోసం అట్టిపెట్టు. 1971 నాటిది, 23 నిమిషాలు. బావిలో నీటి చుక్క పడినట్టు ఒక్క పియానో స్వరంతో మొదలవుతుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు అత్తయ్య రాత్రి పెందలాడే అన్నం పెట్టేస్తానంది. మిద్దె మీద చాప వేసుకుందాం. అక్కడి నుంచి కొండ దారి దీపాలు వరసగా కనిపిస్తాయి. స్పీకరు నేను సిద్ధంగా ఉంచుతా, మీ అమ్మను కూడా తీసుకురా.

మీ మామయ్య