ఒరిజినల్స్ పోస్టులో వెయ్యకు తల్లీ

చి.సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నిన్ను అమెరికా తీసుకెళ్లే దరఖాస్తు కోసం అల్లుడుగారు డల్లాస్ నుంచి నీ కాగితాలన్నీ పంపమన్నారట. నువ్వు పెళ్లి సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఒకే కవరులో సర్ది, రేపు కొరియర్‌లో వేసేస్తానన్నావట. ఆ కవరు పంపకు తల్లీ. అన్నీ బయటికి తీసి బీరువాలో పెట్టి, అప్పుడు ఈ ఉత్తరం చదువు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా శ్రీకాకుళంలో పోస్టాఫీసు కౌంటర్ దగ్గరే గడిచింది. మీ అక్క కూడా ఇదే దారిలో అమెరికా వెళ్లింది, దాని కాగితాలు నా చేతుల మీదే నడిచాయి. రెండూ చూసినదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఈ మొత్తం వ్యవహారంలో నీ ఒరిజినల్స్ ఊరు దాటాల్సింది ముంబైలో అమెరికా కాన్సులేట్ చేసే వీసా ఇంటర్వ్యూకి మాత్రమే, అదీ నీ చేతిసంచిలో.

అమెరికా పౌరుడు భార్య కోసం వేసే ఐ-130 దరఖాస్తుకి ఒరిజినల్స్ అడగరు. వాళ్ల ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ తన సూచనల్లోనే, స్పష్టంగా చదవడానికి వీలుండే కాపీలు చాలంటుంది. ఫలానా కాగితం ఒరిజినల్ కావాలని వాళ్లే రాసి అడిగితే తప్ప పంపకూడదు. అడక్కుండా పంపిన ఒరిజినల్ వాళ్ల ఫైల్లోనే ఉండిపోవచ్చు, తిరిగి చేతికి రాకపోవచ్చు. అల్లుడుగారికి ఈ సంగతి తెలియక కాదు, “కాగితాలు పంపు” అని తొందరలో అనుంటారు. స్కాన్లు చాలా అని ఒక్క మాట అడుగు.

సంతకం గురించి కూడా టెన్షన్ పడకు. ఎక్కడైనా నీ సంతకం కావాలంటే పెన్నుతో చేసి, ఆ పేజీ స్కాన్ తీసి పంపు. ఆయన ప్రింటు తీసి ఫైల్లో పెట్టినా చెల్లుతుంది. పేరు టైపు చేసి అదే సంతకం అంటే చెల్లదు. నీ వివరాల కోసం ఐ-130ఏ అని ఇంకో ఫారం ఉంటుంది. దాన్ని పూర్తిగా నింపాల్సిందే గానీ, నువ్వు ఇండియాలో ఉన్నావు కాబట్టి దాని మీద సంతకం తప్పనిసరి కాదు.

స్కాన్ ఎలా తీస్తావో అది ముఖ్యం. రంగుల్లో తీయించు. ప్రతి కాగితం వెనక వైపు కూడా తీయాలి, ఖాళీగా కనిపించినా సరే. మన సర్టిఫికెట్లలో చాలావాటికి సీలు, ఆఫీసరు పొట్టి సంతకం, తేదీ వెనకే ఉంటాయి. నాలుగు అంచులూ కనబడాలి. నెట్ సెంటర్‌లో తీయిస్తే, పని అయ్యాక వాళ్ల కంప్యూటర్లో నీ ఫైళ్లు నీ కళ్లముందే తుడిపించు. నీ పాస్‌పోర్టు, ఆధార్ అక్కడ పడి ఉండకూడదు. తెలుగులో ఉన్న కాగితం ఏదైనా ఉంటే ఇంగ్లీషు అనువాదం జత చెయ్యాలి. అనువాదం చేసినవాళ్లు తమకి రెండు భాషలూ వచ్చని, ఇది పూర్తిగా, సరిగా ఉందని రాసి పేరు, అడ్రసు, తేదీతో సంతకం పెడితే చాలు. నోటరీ స్టాంపు తప్పనిసరి అని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకు.

పెళ్లి సర్టిఫికెట్‌కి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడే ఇంకో రెండు సర్టిఫైడ్ కాపీలు తీసుకో. ఒకటి అల్లుడుగారి దగ్గర ఉంటే మంచిది, అది పోస్టులో పోయినా మనం కంగారు పడక్కర్లేదు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, హాలు రసీదు కూడా పారెయ్యకు. పెళ్లి నిజమైనదని చూపించడానికి అవన్నీ పనికొస్తాయి.

ఇక పేర్లు. మనవైపు అసలు చిక్కంతా ఇక్కడే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పాస్‌పోర్టులో రెండూ వేరువేరు గళ్లలో. ఆధార్‌లో ఇంటిపేరు స్థానంలో ఒక్క అక్షరం. మీ నాన్న పేరే చూడు, ఒక కాగితంలో అప్పలనాయుడు ఒకే మాట, ఇంకోదాంట్లో అప్పల, నాయుడు విడివిడిగా. ఇంగ్లీషులో ఒకచోట రెండు ‘పి’లు, ఇంకోచోట ఒకటే. మనకి ఇది తేడాగానే అనిపించదు. అక్కడ కూర్చున్న ఆఫీసరుకి ఇద్దరు మనుషుల్లా కనబడొచ్చు. అందుకని కాగితాలన్నీ మంచం మీద వరసగా పరిచి, నీ పేరు, మీ అమ్మానాన్నల పేర్లు ఒక్కో కాగితంలో ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఫారంలో “ఇంతకుముందు వాడిన ఇతర పేర్లు” అనే గడి ఉంటుంది, నీ పేరు రాతలన్నీ అందులో రాయించు. పెద్ద తేడా ఉంటే ఇవన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించుకుందాం. పెళ్లయింది కదా అని పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చాలనుకుంటే దరఖాస్తు వేయకముందే మార్చుకో, లేదా గ్రీన్ కార్డు వచ్చాక ఆలోచించు. మధ్యలో మారిస్తే సగం కాగితాలు ఒక పేరుతో, సగం ఇంకో పేరుతో నడుస్తాయి.

జిల్లా పేరు కూడా చూసుకో. నువ్వు పుట్టింది రాజాంలో. నీ పాత బర్త్ సర్టిఫికెట్‌లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది. మీ అమ్మమ్మ కాలంలో పార్వతీపురం కూడా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడే దాకా. ఇప్పుడు కొత్తగా తీసుకున్న కాగితంలో ఒక జిల్లా, పాతదాంట్లో ఇంకో జిల్లా కనబడితే తప్పు జరిగిందని భయపడి దిద్దించడానికి తిరగకు. ఊరు అదే, జిల్లా మారిందని ఒక ముక్క రాసి పెట్టుకుంటే చాలు, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పొచ్చు. పిన్‌కోడ్ మాత్రం జిల్లాతో పాటు మారలేదు. రాజాం ఇప్పటికీ 532127, శ్రీకాకుళం వరస నంబరే. అడ్రసు రాసేటప్పుడు విజయనగరం వరస అనుకుని 535తో మొదలుపెట్టి రాస్తే ఉత్తరం ఊరంతా తిరిగి వస్తుంది.

ఒరిజినల్స్ దాచే సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. ఆ తర్వాత ఉద్దానం నుంచి ఒక కుర్రాడు ప్లాస్టిక్ సంచిలో సర్టిఫికెట్లు పట్టుకుని మా కౌంటర్‌కి వచ్చాడు. ఇంటి పైకప్పు లేచిపోయి ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయట. లామినేషన్ చేయించిన ఇంటర్ సర్టిఫికెట్ అంచు ఒకచోట విచ్చుకుంది. నీళ్లు లోపలికి పోయి, సీలు ఊదారంగు మరకలా పాకి, కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుపోయింది. విప్పితే చిరుగుతుంది, విప్పకపోతే కుళ్లుతుంది. లామినేషన్ లేనివి తడిసినా, వాటిని ఇంట్లో నీడన ఒక్కొక్కటీ తెల్ల కాగితాల మధ్య పరిచి ఫ్యాను గాలికి ఆరబెడితే బతికాయి. అందుకే సర్టిఫికెట్లు లామినేషన్ చేయించొద్దు. తర్వాత ఎప్పుడైనా దాని మీద స్టాంపు వేయాల్సి వచ్చినా వేయడం కుదరదు.

ఒక్కో కాగితాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ షీటులో వేరుగా పెట్టు. అన్నీ ఒక జిప్ కవరులో వేసి, ఆ కవరుని బీరువా పై అరలో పెట్టు. గోడకి ఆనించకు, మనవైపు గోడల్లోంచే చెదలు వస్తాయి. పిన్నులు, స్టేపుల్స్ తీసెయ్, సముద్రపు గాలికి తుప్పు పట్టి కాగితం మీద మచ్చ పడుతుంది. మీ అమ్మకి కొత్త కాగితం ఏది వచ్చినా నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టే అలవాటు. ఆ పసుపు కవరుకి పెట్టుకోమను, సర్టిఫికెట్‌కి వద్దు. ఒక జిరాక్స్ సెట్టు మా ఇంట్లో ఉంచు. స్కాన్లు నీ మెయిల్‌లో, అల్లుడుగారి మెయిల్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

ఏజెంటు ఎవరైనా “ఒరిజినల్స్ మా దగ్గర పెట్టండి, పని తొందరగా అవుతుంది” అంటే ఇవ్వకు. పాస్‌పోర్టు అసలే ఇవ్వకు. మనకి తెలిసినవాళ్లబ్బాయి ఒకడు తన పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ ఒక ప్రైవేటు కొరియర్‌లో హైదరాబాద్ పంపాడు. కవరు చేరలేదు. రసీదు మీద బరువు తప్ప లోపల ఏముందో రాసి లేదు, స్కాన్ కూడా లేదు. డూప్లికేట్ కోసం పోలీసు కంప్లయింటు, అఫిడవిట్, స్కూల్ హెడ్‌మాస్టర్ సంతకం అంటూ తిరిగి తిరిగి, చదువు సీటుకి గడువు దాటిపోయింది. ఆ తల్లి మా కౌంటర్ ముందు నిలబడి ఏడవడం ఇప్పటికీ మర్చిపోలేను.

అల్లుడుగారికి ఆ సర్టిఫైడ్ కాపీ పంపాలనుకుంటే ఇంటర్నేషనల్ స్పీడ్ పోస్టులో వెయ్యి. ముందు వెళ్తోందో లేదో కౌంటర్‌లో అడుగు. 2025 ఆగస్టు చివర్లో మన పోస్టు అమెరికాకి ఆగిపోయి, అక్టోబర్ మధ్యలో గానీ మళ్లీ మొదలవలేదు. కాగితాన్ని మడవకుండా రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, ఆపైన గుడ్డ కవరులో పెట్టు. ఆయన పేరు, అపార్ట్‌మెంటు నంబరు, జిప్ కోడ్, ఫోన్ నంబరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయి. అదే అడ్రసు ఒక చీటీ మీద రాసి కవరు లోపల కూడా పెట్టు, పై చీటీ ఊడిపోయినా లోపలిది ఉంటుంది. రసీదు మీద ముందు రెండు అక్షరాలు, మధ్య తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ ఉంటాయి. ఆ నంబరు ఫొటో తీసి ఆయనకి వెంటనే పంపు. రసీదు సిరా నెలల్లో వెలిసిపోతుంది, దాన్నే నమ్ముకోకు.

అక్కడ అల్లుడుగారు దరఖాస్తుని ఆన్‌లైన్‌లో వేస్తేనే నాకు ఇష్టం. 2024 ఏప్రిల్ నుంచి ఐ-130కి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. వేసే రోజు ఫీజు ఒకసారి వాళ్ల సైట్‌లో చూసుకోమను. కాగితం మీదే వేస్తానంటే నాలుగు మాటలు చెప్పు. వాళ్ల పోస్టల్ సర్వీసుకి ఒక అడ్రసు, ఫెడెక్స్, యూపీఎస్ లాంటి కొరియర్లకి ఇంకో అడ్రసు ఇస్తారు. పోస్టు బాక్సు నంబరున్న అడ్రసుకి కొరియర్ వాళ్లు ఇవ్వలేరు, కవరు వెనక్కి వస్తుంది. ఫారం ప్రతి పేజీ కింద ఎడిషన్ తేదీ ఉంటుంది, పాత ఎడిషన్ పంపితే తిప్పేస్తారు. 2025 అక్టోబర్ 28 నుంచి కాగితపు ఫైలుకి చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు, కార్డుకో బ్యాంకు ఖాతాకో సంబంధించిన ఫారం జత చెయ్యాలి. జీ-1145 అనే చిన్న ఫారం పైన పెడితే ఫైలు అందగానే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కవరు మూసే ముందు మొత్తం ఫైలుకి, ఫారాలతో సహా, ఒక కాపీ ఆయన దగ్గర ఉండాలి. తర్వాత ఏదైనా ప్రశ్న వచ్చినప్పుడు ముందు ఏం రాశారో చూసుకోకుండా జవాబివ్వడం ప్రమాదం. ఐ-797సీ అనే రసీదు నోటీసు వస్తుంది, దాని మీది 13 అక్షరాల నంబరు నువ్వూ రాసిపెట్టుకో.

పిటిషన్, అంటే ఆ ఐ-130, ఆమోదం అయ్యాక కేసు ఎన్‌వీసీకి, అంటే వాళ్ల నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ కూడా స్కాన్లు ఆన్‌లైన్‌లో ఎక్కించడమే. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు ఆఫీసు నుంచి తీసుకోవాలి. విశాఖ వెళ్లాల్సి వస్తే నేను తోడొస్తాను.

ముంబై వెళ్లే రోజు మాత్రం ఒరిజినల్స్ అన్నీ కావాలి. శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లినా, విశాఖ నుంచి విమానంలో వెళ్లినా, ఆ కవరు సూట్‌కేసులో పెట్టొద్దు, సీటు కింద పెట్టొద్దు. రైల్లో రాత్రి తల కింద సంచిలో ఉండాలి. కౌంటర్ దగ్గర ఒరిజినల్ చూసి తిరిగిస్తే, అక్కడే లెక్క చూసుకుని కదులు. పాస్‌పోర్టు వీసా వెయ్యడానికి ఉంచుకుంటారు. తర్వాత నీకు సీలు వేసిన కవరేదైనా ఇస్తే విప్పకు, అమెరికా ఎయిర్‌పోర్టులో ఆఫీసరే విప్పాలి.

గ్రీన్ కార్డు పోస్టులో ఇంటికొస్తుంది. అపార్ట్‌మెంటు మెయిల్‌బాక్సు మీద ఆయన పేరొక్కటే ఉంటే నీ కవరు వెనక్కి పోయే ప్రమాదం ఉంది, నీ పేరు కూడా ముందే అతికించమను. ఇల్లు మారితే 10 రోజుల్లోగా యూఎస్‌సీఐఎస్‌కి అడ్రసు చెప్పాలి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే నువ్వు అడుగుపెడితే కార్డు రెండేళ్లకే ఇస్తారు, అది ముగిసే ముందు 90 రోజుల్లో మళ్లీ దరఖాస్తు ఉంటుంది. అప్పుడు కావాల్సినవి బ్యాంకు జాయింటు ఖాతా, ఇంటి అద్దె కాగితం లాంటివి, మొదటి రోజు నుంచే దాచుకోండి.

ఆదివారం మధ్యాహ్నానికి విజయనగరం వస్తున్నాను. ఆ నోట్‌బుక్‌లో పేర్ల పని అప్పటికి పూర్తి చేసి ఉంచు. నీ టీసీ, మీ నాన్న పాస్‌పోర్టు కూడా బయటికి తీయించు. రెండు గట్టి అట్టలు, ప్లాస్టిక్ షీట్లు నేనే తెస్తాను. అల్లుడుగారిని ఆ సాయంత్రం వీడియోలోకి రమ్మను, ఫారం ముందు పెట్టుకుని ముగ్గురం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
శ్రీకాకుళం