గరుకు టైటానియంపై కణాలు తగ్గితే అది విషప్రభావమేనా?

పాలిష్ చేసిన టైటానియం బిళ్లలతో పోలిస్తే, శాండ్‌బ్లాస్టింగ్ చేసి (రేణువులను వేగంగా చిమ్మి గరుకు చేసి) ఆమ్లంలో ముంచిన బిళ్లలపై ఎంజీ-63 కణాలు (మనిషి ఎముక కణితి నుంచి తీసి ప్రయోగశాలలో పెంచే, ఎముక కణాల వంటి కణాలు) ఏడో రోజుకు తక్కువగా ఉన్నాయని, ముడుచుకున్నట్టు కనిపించాయని, అందువల్ల ఆ ఉపరితలం విషపూరితమేమోనని మీరు అడిగారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు అలా అనిపించడం లేదు.

నునుపైన తలంపై ఎముక కణాలు పలుచగా పరచుకొని వేగంగా విభజన చెందుతాయి. కొన్ని మైక్రోమీటర్ల ఎత్తుపల్లాలున్న గరుకు తలంపై మాత్రం అవి అంతగా పరచుకోలేక, ఘనాకారానికి దగ్గరగా మారి, గుంతల అంచులను సన్నని పోగులతో పట్టుకుంటాయి. విభజన మందగించి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆస్టియోకాల్సిన్ వంటి పరిపక్వతా సూచికలు పెరుగుతాయి. ఈ మార్పులో కణం తలాన్ని పట్టుకోవడానికి వాడే ఆల్ఫా-2 బీటా-1 ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్ పాత్ర ముఖ్యమైనది. ఫైబ్రోబ్లాస్టులు (సంధాయక కణజాలపు కణాలు) ఇందుకు భిన్నంగా సాధారణంగా నునుపునే ఇష్టపడతాయి కనుక, వాటి ఫలితాలతో పోల్చకండి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గుంతల్లో ఇరుక్కున్న కణాలు ఒకసారి ట్రిప్సిన్ (కణాలను తలం నుంచి విడదీసే ఎంజైము) వేస్తే పూర్తిగా ఊడిరావు, అందుచేత లెక్క తగ్గవచ్చు. కణాల సంఖ్య తెలియడానికి బిళ్లపైనే వాటిని చిట్లించి డీఎన్‌ఏ కొలవండి, ఫాస్ఫటేజ్ విలువను ఆ డీఎన్‌ఏతో భాగించండి. దానితోపాటు ఎల్‌డీహెచ్ పరీక్ష (దెబ్బతిన్న కణాల నుంచి బయటికి కారే ఎంజైమును కొలిచేది) చేస్తే కణాలు చనిపోతున్నాయో లేదో తేలుతుంది. గరుకుదనానికి కొలతగా వాడే ఆర్ఏ విలువ, మధ్యరేఖ నుంచి ఎత్తుపల్లాల సగటు తేడాను మాత్రమే చెబుతుంది. ఒకే ఆర్ఏ ఉన్న రెండు తలాల గుంతల వెడల్పు వేరుగా ఉండవచ్చు. బ్లాస్టింగ్‌లో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) వాడి ఉంటే, దాని రేణువులు మిగిలాయేమో కూడా చూడండి.