గేమ్‌ల తయారీ నేర్వడానికి మొదటి ఏడాదే రాయగడ వదలనవసరం లేదు

ప్రశ్న: “మేము ఒడిశాలోని రాయగడలో ఉంటాం. ప్లస్ టూ పూర్తి చేసిన మా అబ్బాయి గేమ్ డిజైన్, వీఆర్ (వర్చువల్ రియాలిటీ) నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. మా వైపు ఉండి ఈ రంగంలో బతకవచ్చా, లేక హైదరాబాదులో ఏదైనా శిక్షణ సంస్థలో చేర్పించాలా?”

నేనూ ఒడిశాలోనే, పర్లాకిమిడివాణ్ణి. ఇంటి నుంచి ఈ పని చేసుకునే బతుకుతున్నాను కనుక సూటిగా చెబుతాను: మొదటి ఏడాది అబ్బాయిని ఎక్కడికీ పంపకండి. ఒక చిన్న ఆటను మొదలుపెట్టి, పూర్తిచేసి, పదిమంది చేత ఆడించేదాకా అతడు ఇంట్లోనే ఉండడం మంచిది. ఆ తరువాత చదువుకు పంపినా ఉద్యోగానికి పంపినా, చూపించుకోవడానికి అతని చేతిలో ఒకటి ఉంటుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అన్నయ్య కొడుకును మేము నగరంలోని ఒక శిక్షణ సంస్థకు పంపి నష్టపోయాం. వారు లక్షా ఎనభై వేలు కట్టించుకుని, నూటికి నూరు శాతం ఉద్యోగం అని కరపత్రం మీద అచ్చువేసి, పది నెలలపాటు ఎప్పటివో వీడియో పాఠాలు చూపించారు. వాడు ధ్రువపత్రంతో తిరిగివచ్చాడు కాని, తన చేత్తో పూర్తి చేసిన ఆట ఒక్కటి కూడా వాడి దగ్గర లేదు. ఈ రంగంలో ఇంటర్వ్యూ చేసేవారు ధ్రువపత్రం వంక చూడరు. నువ్వు చేసింది చూపించమంటారు. వాడు తిరిగి వచ్చాక మా అన్నయ్య ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు, ఎందుకంటే ఆ రంగం పేరు మొదట ఇంట్లో ఎత్తినది నేనే.

నా సంగతి వేరేగా జరిగింది. 2022 వేసవిలో మా తాతగారి కోసం పులీ మేక ఆటను ఫోనులోకి తెచ్చాను. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు స్థానాలు. మేకలు ఒక్కొక్కటిగా పటం మీదికి వస్తాయి, పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది, పులులు కదలలేకుండా చుట్టుముడితే మేకలు గెలుస్తాయి. గుడి అరుగు మీద బొగ్గుతో గీసుకుని ఆడిన ఆట కనుక నియమాలను నేనెక్కడా వెతకనక్కరలేకపోయింది. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మూడు నెలలు కష్టపడి తయారుచేసి, ఒక సాయంత్రం వీధి అరుగు మీద తాతగారి చేతిలో ఫోను పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. పులిని కదపలేదు, మేకను పెట్టలేదు.

“ఏటి బాబూ ఇది? కిందుండాల్సిన ఒత్తులన్నీ పైకొచ్చి పక్కన కూకున్నాయి. ఇలగైతే నానెలా సదవను?” అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. “మీ వంతు వచ్చింది” అన్న వాక్యంలో ‘చ’ కింద ఒత్తుగా ఉండవలసిన అక్షరం, పొల్లు పెట్టిన ‘చ’ పక్కన నిండు అక్షరంగా నిలబడి ఉంది. “అడ్డు”, “ఎత్తు” వంటి ఒత్తు ఉన్న మాటలన్నీ అలాగే విరిగాయి. మూడు నెలలూ ఆ తెరనే చూస్తూ కూడా నేను దీన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే రాసినవాడికి చదవవలసిన అవసరం ఉండదు. కారణం తరువాత తెలిసింది. తెలుగు, ఒడియా వంటి లిపులలో అక్షరాలను వరసగా పేర్చితే చాలదు. ఏ హల్లు తరువాత ఏది వస్తే ఏ రూపం తీసుకోవాలో ఫాంటులోని నియమాలను చదివి అమర్చే పని వేరుగా ఉంటుంది. యూనిటీలో తెర మీద అక్షరాలు చూపించడానికి నేను వాడిన టెక్స్ట్ మెష్ ప్రో ఆ పని చేయదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 ఇంజన్ ఆ పనిని తానే చేస్తుంది. ఆటనంతా అందులో మళ్ళీ రాశాను.

రెండోసారి చూపించినప్పుడు తాతగారు అక్షరాలను ఒప్పుకున్నారు కాని మాటలను ఒప్పుకోలేదు. నేను “మేషమును ఎంచుకొనుము” అన్న ధోరణిలో రాశాను. “మేకను కదపండి” అని మార్పించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి వాడుక భాష విలువ నాకు ఒక ఫోను ఆట వల్ల తెలిసిరావడం నాకు ఇప్పటికీ మనసును తాకే విషయం.

నాకు మొదటి సంపాదన వచ్చింది ఆ విరిగిన ఒత్తుల వల్లనే. విరిగిన తెరనూ సరిచేసిన తెరనూ పక్కపక్కన పెట్టి, తమ ఆటను భారతీయ భాషల్లోకి తెస్తున్న ఒక దూరపు స్టూడియోకు పంపాను. తెలుగు, ఒడియా రెండూ చదవగలిగి, ఇంజన్‌లో లోపం ఎక్కడుందో చెప్పగలిగిన మనిషి వారికి కావలసివచ్చింది. రాయగడ, గుణుపురం, బరంపురం ప్రాంతాలలో పెరిగిన మన పిల్లలకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ నోటికి వస్తాయి. నగరాల్లో పెరిగిన పిల్లల్లో ఇది నాకు తక్కువగా కనిపించింది. భాషాంతరీకరణ, దాని పరీక్ష మన సరిహద్దు జిల్లాలకు అన్నిటికంటె దగ్గరి దారి అని నా గట్టి నమ్మకం.

ఆటను గూగుల్ ప్లేలో పెట్టేటప్పుడు మరో పాఠం నేర్చుకున్నాను. అందులో ఖాతాకు 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్‌లో అయితే ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు. కాని 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, ఆటను అందరికీ విడుదల చేసే ముందు కొందరు పరీక్షకులు వరుసగా 14 రోజులు అందులో నమోదై ఉండాలి. నేను తెరిచినప్పుడు 20 మంది కావాలన్నారు; తరువాత దానిని 12కు తగ్గించారు. పలాస, మందస, కాశీనగరం, గుణుపురం బంధువులందరికీ ఫోన్లు చేసి మనుషులను కూడగట్టాను. పలాసలో ఉన్న మా పిన్ని ఎనిమిదో రోజున ఫోన్ చేసి, గీత లేనిచోట కూడా పులి దూకుతోందని చెప్పింది. నేను వందసార్లు ఆడినా ఆ లోపం కనబడలేదు. ఆమె ఎలా ఆడితే అది జరిగిందో అడిగి, అడుగు అడుగూ రాసుకుని సరిచేశాను. లోపాన్ని మళ్ళీ జరిగేలా చేసి, దానిని పొందికగా రాసి పంపడం ఈ రంగంలో ఒక ఉద్యోగం. చాలామంది లోపలికి వచ్చేది ఆ తలుపు గుండానే.

ఖర్చు విషయంలో భయపడకండి. గోడో, 3డి బొమ్మలు తయారుచేసే బ్లెండర్ రెండూ ఉచితం. గోడో దిగుమతి 200 మెగాబైట్ల లోపే, కనుక మన నెట్‌వర్క్‌కు ఇబ్బంది ఉండదు. అన్‌రియల్ అనే మరో ఇంజన్ పదుల గిగాబైట్లు, దానికి గట్టి కంప్యూటరు కూడా కావాలి. ఒకే ఇంజన్‌ను నమ్ముకోవద్దని కూడా చెప్పండి. 2023 సెప్టెంబరులో యూనిటీ ఆట ఇన్‌స్టాల్ అయిన లెక్కన రుసుము వసూలు చేస్తామని ప్రకటించి, ఏడాదికి రద్దు చేసుకుంది. ఆ ఏడాదంతా మాలాంటివాళ్ళం నిద్రలేకుండా గడిపాం.

వీఆర్ గురించి అడిగారు. కళ్ళకు తొడుక్కునే హెడ్‌సెట్‌లో దృశ్యం సాధారణంగా సెకనుకు కనీసం 72 సార్లు మారాలి, అంటే ఒక్కొక్క చిత్రానికి సుమారు 14 మిల్లీసెకన్లే వ్యవధి. అది దాటితే పెట్టుకున్నవారికి కళ్ళు తిరుగుతాయి. కనుక అనవసరమైన బరువు తీసివేయడం తెలిసినవాడే అక్కడ నిలుస్తాడు. చవక ఫోనులో ఆట ఆగకుండా నడిపించిన పిల్లవాడికి ఆ విద్య సగం వచ్చినట్టే. మీ పక్క కోరాపుట్ జిల్లాలోని దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం ఉంది. అటువంటి చోట్ల కొత్త కార్మికుడికి ప్రమాదం ఎలా జరుగుతుందో హెడ్‌సెట్‌లో చూపించే శిక్షణ రూపొందించడం, బయటి నగరాల వారికంటె ఆ చుట్టుపక్కల భాష తెలిసినవారికే బాగా అబ్బుతుంది.

ఒక బాధ చెప్పుకోవాలి. గేమ్ అన్న మాట వినగానే మనవాళ్ళకు డబ్బు పెట్టి ఆడే రమ్మీయే గుర్తొస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించినప్పుడు, మా వీధివారు నా పని కూడా పోయిందని మా అమ్మను ఓదార్చడానికి వచ్చారు. ఆటలు తయారుచేసేవారిని ఆ చట్టం నిషేధించలేదు. సంబంధం కోసం వచ్చినవారికి నా ఉద్యోగం గురించి చెప్పడానికి నాన్నగారు ఇప్పటికీ తడబడుతుండడం నాకు కష్టంగా ఉంటుంది. మీ ఇంట్లో అబ్బాయికి ఆ కష్టం రానివ్వకండి.

మొదటి ఏడాది తరువాత చదివించాలనుకుంటే, డిజైన్ డిగ్రీలో ప్రవేశానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షను ప్లస్ టూ ఏ గ్రూపువారైనా రాయవచ్చు. డిగ్రీ అయ్యాక బెంగుళూరు ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) ఉంది. యూసీడ్ ఇంగ్లీషులో మాత్రమే ఉండడం మన పిల్లలకు అన్యాయమని నేను భావిస్తాను, కనుక దానికి విడిగా సిద్ధం కావాలి.

మీ అబ్బాయి ఆట ఒకటి పూర్తిచేస్తే ఇక్కడే తెలియజేయండి. మా పిన్నితో సహా నా పాత జాబితాలో పదకొండు మంది ఇప్పటికీ ఆడి చూడడానికి సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు కావలసింది పన్నెండు మంది. ఆ పన్నెండో వారు మీరు కావాలని నా కోరిక.