స్ట్రోలర్‌కి ఏం తగిలించాలి, ఏం వద్దు

తల్లీ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. స్ట్రోలర్ (పాపని తోసుకెళ్లే బండి) కంటే దానికి తగిలించే సామానే ఎక్కువయ్యేట్టుంది! పిల్లను మొదటిసారి బయటికి తీసుకెళ్లాలంటే ఆ టెన్షన్ ఉంటుంది, కాదనను. అయినా ఇప్పుడే అన్నీ ఆర్డర్ పెట్టేయకు. ముందు ఏమీ తగిలించకుండా ఉత్త స్ట్రోలర్‌తో నాలుగుసార్లు ఇంటి చుట్టుపక్కల తిరిగి రా. ఎండ పాప కళ్లలో పడిందా, దోమలు కుట్టాయా, నీళ్ల సీసాకి చోటు లేకపోయిందా అన్నది నీకే తెలుస్తుంది. దేనికి ఇబ్బంది పడ్డావో అదే కొనుక్కో. స్ట్రోలర్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకం కూడా ఓసారి తిరగెయ్యి. కింది బుట్టలో ఎన్ని కిలోల దాకా పెట్టొచ్చో అందులో రాసి ఉంటుంది. ఫ్రేము గొట్టం ఎంత లావుందో కూడా చూసుకో. ‘అన్ని స్ట్రోలర్లకీ సరిపోతుంది’ అని అమ్మే క్లిప్పులు కోలగా ఉన్న గొట్టం మీద సరిగ్గా కూర్చోవు, జారిపోతుంటాయి.

ఎండ సంగతి ముందు చెప్తాను. పాప నిద్రపోగానే హుడ్ (స్ట్రోలర్ పైకప్పు) మీంచి ఓ గుడ్డ కప్పేయడం చాలామందికి అలవాటు. పల్చటి గుడ్డే కదా అనుకుంటారు. పల్చనిదైనా సరే, లోపల గాలి ఆడదు, వేడి బయటికి పోదు, కాసేపటికే ఉక్కపోస్తుంది. పైగా పాప మొహం నీకు కనపడదు. నెలల పిల్లలు వేడిని మనలా తట్టుకోలేరు. అందుకని ముందుకు బాగా దిగే హుడ్ ఉంటే చాలు. లేదంటే క్లిప్పుతో బిగించే చిన్న గొడుగు తీసుకో. దాని కాడ ఎటైనా వంగేలా ఉండాలి, నువ్వు మలుపు తిరిగినప్పుడల్లా ఎండ ఇంకో వైపు నుంచి పడుతుంది మరి. గాలి గట్టిగా వీస్తే గొడుగు మూసెయ్యి. ఆరు నెలల లోపు పిల్లల్ని నేరుగా ఎండలో ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు కాబట్టి, గొడుగు ఉంది కదా అని మిట్టమధ్యాహ్నం బయల్దేరకు. పాపకి వేడిగా ఉందేమో చూడాలంటే అరచేతులూ పాదాలూ పట్టుకుని చూడకు, ఒళ్లు వెచ్చగా ఉన్నా అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనకాల కాలర్‌లోకి రెండు వేళ్లు దూర్చి చూడు. చెమ్మ తగిలితే పైనున్న బట్ట ఒకటి తీసెయ్యి.

క్లిప్ ఫ్యాన్ అడిగావు. తీసుకో, కానీ రెక్కలకు ముందున్న జాలీలోకి పాప వేలు దూరకూడదు. తన చెయ్యి అందనంత దూరంలో బిగించు. మొహానికి సూటిగా పెట్టకు. బయట వడగాలి కొడుతుంటే అది ఆ వడగాలినే తెచ్చి పాప మీద విసురుతుంది, అంతే.

దోమతెర మాత్రం కొనితీరాలి. రెండు నెలలు నిండని పిల్లలకు దోమల మందులు ఒంటికి రాయకూడదు, కాబట్టి తెరే దిక్కు. చుట్టూ ఎలాస్టిక్ ఉన్నది చూడు. కాళ్లు పెట్టుకునే చోట సందు మిగులుతుంది, కొన్నాక ముందు అక్కడే చూసుకో. తెర బిగువుగా నిలబడాలి, పాప చెంపకో చేతికో ఆనుకుంటే దోమ తెర మీద వాలి మరీ కుడుతుంది.

రెయిన్ కవర్ నీ స్ట్రోలర్ కంపెనీదే దొరికితే మంచిది, సైజు కుదురుతుంది. పక్కల గాలి రంధ్రాలు ఉన్నాయో లేదో చూడు. వాన ఆగిన వెంటనే, ఏ షాపులోకో వెళ్లినా సరే, తీసెయ్యి. ఎండలో ఆ ప్లాస్టిక్ కవర్ మామూలు గుడ్డ కంటే ప్రమాదం. ఇంటికొచ్చాక తుడిచి ఆరబెట్టి మడతపెట్టు, లేకపోతే బూజు వాసన కొడుతుంది.

ఇక నువ్వు అన్నిటికంటే ముందు రాసిన హుక్కులు. నాకు అస్సలు నచ్చని వస్తువు అదే. హ్యాండిల్‌కి సంచీ తగిలిస్తే ఆ బరువంతా వెనక చక్రాల అవతల వేలాడుతుంది. పాప కూర్చున్నంతసేపూ తన బరువుతో సరిపోతుంది, ఏమీ అనిపించదు. నువ్వు బెల్టు విప్పి పాపను ఎత్తుకోగానే స్ట్రోలర్ వెనక్కి ఎగిరి పడుతుంది. సంచీ మరీ బరువైతే పాప అందులో ఉండగానే, ఫుట్‌పాత్ ఎక్కించేటప్పుడో, చిన్న ఎత్తు ఎక్కేటప్పుడో, ముందు చక్రాలు పైకి లేస్తాయి. బరువైనవన్నీ కింది బుట్టలో పెట్టు. హ్యాండిల్ దగ్గర ఫోను, తాళాలు, ఒక రుమాలు పట్టే చిన్న ఆర్గనైజర్ ఉంటే చాలు. అది కూడా పెద్దది తీసుకుంటే నింపకుండా ఉండలేవు, నీ సంగతి నాకు తెలుసు.

కప్ హోల్డర్‌లో నీళ్ల సీసా తప్ప ఇంకేదీ పెట్టకు. టీ, కాఫీ లాంటి వేడివి పాప నెత్తిమీద ఊగుతూ ఉండటం ఏం బాగుంటుంది చెప్పు? గతుకు వచ్చిందంటే ఎక్కడ ఒలుకుతుందో ఎవరికి తెలుసు.

మెత్తగా ఉంటుందని విడిగా తలదిండ్లు, కుషన్లు కొంటారు. స్ట్రోలర్‌తో వచ్చినవైతే ఫర్వాలేదు, విడిగా కొనేవి వద్దు. తల వెనక లావుపాటి దిండు ఉంటే తల ముందుకు వంగి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. చంటిపిల్లలకు అలా అయితే ఊపిరి సరిగ్గా ఆడదు. వీపు కింద మందంగా ఉంటే బెల్టు కూడా బిగువుగా పట్టదు. పాప ఇంకా మెడ నిలపలేదు కాబట్టి సీటు పూర్తిగా వెనక్కి వాలేలా ఉండటమే తనకి కావాల్సింది. చలికాలంలో కాళ్ల మీద వేసే కవర్ కొంటే, బెల్టు బయటికి వచ్చే చీలికలు ఉన్నది చూడు. బెల్టు ఒంటికి దగ్గరగా ఉండాలి, కవర్ మీంచి కాదు.

బొమ్మలు ఒకటో రెండో చాలు, పొట్టి క్లిప్పుతో ఉన్నవి. పొడుగు తాళ్లు, దారాలు వేలాడేవి వద్దు. సీటుకి అడ్డంగా కట్టే బొమ్మల దండని పాప కూర్చోవడమో, చేతులూ మోకాళ్ల మీద లేవడమో మొదలుపెట్టగానే తీసెయ్యాలి.

స్ట్రోలర్ చేజారిపోకుండా దాన్ని నీ మణికట్టుకి కట్టుకునే పట్టీ చవకైన వస్తువు, వాలు రోడ్ల మీద పనికొస్తుంది. అది వేసుకున్నా ఆగినప్పుడల్లా బ్రేకు వెయ్యాల్సిందే. సాయంత్రాలు తిరుగుతావు కదా, ఫ్రేముకి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు కూడా అంటించు.

డైపర్లు, వైప్స్, ఒక జత బట్టలు, తడిసినవి వేయడానికి జిప్ కవరు, మడిచిపెట్టే పల్చటి షీటు, వీటికి వేరే సంచీ ఏదీ కొనకు. నీ దగ్గరున్న పాతదే సరిపోతుంది.

అన్నీ బిగించాక ఇంట్లోనే ఒకసారి పాపను చంకనేసుకుని, ఒంటి చేత్తో స్ట్రోలర్ మడిచి చూడు. ఏది అడ్డొస్తే అది వెనక్కి పంపించెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ